దీపం గ్లాసులో నూనె కదలదు, కింద నీళ్ళు ఊగుతాయి. ఎందుకు?

గానుగింటమ్మాయి | పర్లాకిమిడి | కార్తీక పౌర్ణమి మర్నాడు, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి గుళ్ళో దీపాలు పెట్టాం. అమ్మ గాజు గ్లాసులో సగం పైగా నీళ్ళు పోసి, వాటిలో కాస్త పసుపు కలిపి, పైన రెండు వేళ్ళ మందాన నువ్వుల నూనె పోసి వత్తి తేలవేసింది. ఆ గ్లాసు పట్టుకుని మెల్లగా ప్రదక్షిణ చేస్తున్నప్పుడు ఒకటి గమనించాను. నూనె పైభాగం అద్దంలా ఉంది. వత్తి కూడా పెద్దగా కదల్లేదు. కింద పసుపు నీళ్ళు మాత్రం ఇటూ అటూ పెద్ద అలలా ఊగుతున్నాయి. ఒక పక్క గోడ మీదికి ఎగబాకి, మెల్లగా దిగి, రెండో పక్క ఎగబాకుతున్నాయి. నేను ఆగిపోయాక కూడా నాలుగైదు సార్లు ఊగాయి. ఇంటికొచ్చి అదే గ్లాసులో ఒట్టి నీళ్ళు పోసుకుని అలాగే నడిచాను. పైన చిన్న వణుకు తప్ప ఏమీ లేదు.

రెండో సంగతి దీనికి చుట్టమో కాదో మీరే చెప్పాలి. మాకు చిన్న ఆముదం గానుగ ఉంది. పోయిన పుష్యమాసం చలికి రెండంగుళాల పైపులో ఆముదం నత్తలా నడిచింది. ఒకరోజు పంపు దాటాక ఉన్న కడుగునీళ్ళ వాల్వు సరిగ్గా కట్టకుండానే గేర్ పంపు వేసేశారు. ఓ పది నిమిషాలు ఆముదం నీళ్ళలా పరుగెత్తింది! మధ్యలో ఒక గజం మేర పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గొట్టం ఉంది. అందులో చూస్తే ఆముదం కడ్డీలా నడుమన, చుట్టూ సన్నగా నీళ్ళు. కడ్డీ మీద వెదురు కణుపుల్లా అలలు. తర్వాత ఎవరో వాల్వు పూర్తిగా తిప్పేశారు, అంతా మజ్జిగలా తెల్లబడింది. ఆ డ్రమ్ము తేరుకోవడానికి మూడు రోజులు పట్టింది. నాన్నగారు ఆ సరుకు గురించి బాధపడ్డారు. నాకు మాత్రం ఆ పది నిమిషాలే కళ్ళలో ఉండిపోయాయి.

బరంపురంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. బళ్ళో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. ఈ ఒక్క విషయమైనా అమ్మకి చెప్పగలిగేలా తెలుగులో అర్థం చేసుకోవాలని ఉంది.

బరంపురం పిన్ని | ఉదయం 8:15

అమ్మడూ, మా ఇంట్లో కూడా అలాగే పెడతాం. నూనె అయిపోయేసరికి వత్తి నీళ్ళలోకి దిగి ఆరిపోతుంది, గ్లాసు పగలదు. నాకు తెలిసిందల్లా ఒకటే. నీళ్ళు బరువు, నూనె తేలిక. బరువైంది కింద ఉంటే స్థిరం. మరి స్థిరంగా ఉండాల్సినవి ఊగడమేమిటి? నాకూ తెలుసుకోవాలని ఉంది.

నాగావళి ఒడ్డు | రాయగడ | ఉదయం 10:30

ఈ ప్రశ్న చూసి చాలా సంతోషమేసింది. ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పాను, ఒక్క పిల్లా దీపం గ్లాసుని ఇంత దగ్గరగా చూడలేదు.

అమ్మా, నువ్వు చూసింది 1762లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఓడలో చూశాడు. వేడికి కిటికీలు తెరిచి ఉంచితే గాలికి కొవ్వొత్తులు రెపరెపలాడి కారిపోతున్నాయని గాజు గ్లాసులో నీళ్ళు, పైన నూనె పోసి దీపం చేసుకుని వేలాడదీశాడు. నూనె పైభాగం నిశ్చలంగా, దాని కింద నీళ్ళు అల్లకల్లోలంగా ఉన్నాయని స్నేహితుడికి ఉత్తరం రాశాడు. కారణం తేల్చలేకపోయాడు.

పిన్నిగారి మాట దగ్గర మొదలుపెడదాం. స్థిరం అంటే కదలకపోవడం కాదు. కదిలిస్తే మళ్ళీ తన చోటికి రావడం. ఉయ్యాల స్థిరమే, అయినా ఊగుతుంది. వెనక్కి లాగే బలం ఎంత గట్టిగా ఉందన్నదే ఇక్కడ ప్రశ్న.

ఒట్టి నీటి గ్లాసులో అల లేస్తే, లేచిన నీటి బరువంతా దాన్ని కిందికి లాగుతుంది. పైన ఉన్న గాలి బరువు లెక్కలోకే రాదు. నూనె కింద నీరు లేస్తే అది గాలిలోకి కాదు, నూనెలోకి లేస్తోంది. లీటరు నీరు 1000 గ్రాములు, నువ్వుల నూనె దాదాపు 920. కాబట్టి లాగే బలం మిగిలిన 80 గ్రాములదే. పైగా కదలాల్సింది రెండూ కలిసి 1920. 80 బై 1920 అంటే 24వ వంతు. ఊగే వేగం దాని వర్గమూలం ప్రకారం తగ్గుతుంది, అంటే సుమారు అయిదో వంతుకి.

మన ఇళ్ళలో గ్లాసు 7 సెంటీమీటర్ల అడ్డం ఉంటుందనుకుంటే, నీటి పైభాగం ఒక ఊపు ఊగడానికి 0.28 సెకను పడుతుంది. నూనె, నీరు కలిసే సరిహద్దుకి సుమారు 1.35 సెకన్లు. దీపం పట్టుకుని మెల్లగా నడిచేవాళ్ళ శరీరం పక్కలకి ఊగే కాలం కూడా ఒక సెకను పైచిలుకే. నీ నడక లోపలి సరిహద్దు లయకి దగ్గరగా పడింది, పైభాగం లయకి దూరంగా ఉంది. ఉయ్యాలని దాని లయలో తోస్తే పెరిగినట్టు లోపలి అల పెరిగింది.

ఇది అస్థిరత కాదు, అనునాదం. నీ రెండో సంగతి అస్థిరత. రెండూ దగ్గర చుట్టాలే, కానీ ఒకటి కాదు.

గానుగింటమ్మాయి | మధ్యాహ్నం 2:05

మాస్టారూ, ఇప్పుడే చేసి చూశాను! గ్లాసుని నున్నటి బల్ల మీద పెట్టి, ఫోన్‌లో తాళం వేసే యాప్ పెట్టుకుని, దాని ప్రకారం ఒక అంగుళం అటూ ఇటూ జరిపాను. అర సెకనుకోసారి జరిపితే కింద నీరు దాదాపు కదల్లేదు. సెకనుకోసారి జరిపితే కొంచెం. 1.4 సెకన్ల దగ్గర పసుపు నీరు ఒక్కసారి ఎగబాకింది, వత్తి మాత్రం అక్కడే ఉంది. 2 సెకన్లకి మళ్ళీ తగ్గిపోయింది. అమ్మ వంట ఆపేసి వచ్చి చూసింది.

వంశధార77 | ఊరు గుణుపురం, ప్రస్తుతం హైదరాబాద్ | సాయంత్రం 6:20

నేను ఈ రంగంలోనే పరిశోధన చేస్తున్నాను, అందుకని పైపు సంగతి నేను ఎత్తుకుంటాను. మాస్టారి లెక్క చక్కగా ఉంది. అదే లెక్కని ఒక అడుగు ముందుకి తీసుకెళదాం.

కలవని రెండు ద్రవాలు ఒకదాని మీద ఒకటి వేర్వేరు వేగాలతో జారుతుంటే ఏమవుతుందో హెల్మ్‌హోల్ట్స్ 1868లో, కెల్విన్ 1871లో చూశారు. సరిహద్దు మీద చిన్న గుబ్బ లేచిందనుకోండి. దాని మీదుగా పోయే ద్రవం ఇరుకులో వేగం పెంచుకుంటుంది, వేగం పెరిగిన చోట ఒత్తిడి తగ్గుతుంది, గుబ్బ ఇంకా పైకి లాగబడుతుంది. దాన్ని ఆపేవి రెండే. పొడవైన అలల్ని బరువుల తేడా ఆపుతుంది, పొట్టి అలల్ని తలతన్యత, అంటే సరిహద్దు సాగదీసిన పొరలా బిగుసుకుని ఉండే గుణం, ఆపుతుంది. ఈ రెండిటి బలమూ తక్కువగా ఉండే మధ్య పొడవు అలే ముందు తెగిస్తుంది.

గాలి, నీరు అయితే ఆ లెక్కలో సెకనుకి సుమారు 6.6 మీటర్ల వేగం తేడా కావాలి, అల పొడవు 1.7 సెంటీమీటర్లు. నూనె, నీరు అయితే నేను కట్టిన లెక్కలో సెకనుకి 13 సెంటీమీటర్లు చాలు! బరువుల తేడా 80 గ్రాములే కాబట్టి కాపలా అంత బలహీనం.

కానీ ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఈ లెక్కలో ద్రవాలకి జిగట లేదు. సరిహద్దు దగ్గర వేగం ఒక్కసారిగా మారుతుందని అనుకున్నాం. చెరువు మీద అలలు 6.6 మీటర్ల కంటే చాలా తక్కువ గాలికే పుడతాయని అందరం చూశాం. గాలి వేగం ఎత్తుతో క్రమంగా పెరుగుతుందన్న సంగతినీ, గాలిలో ఉండే ఒత్తిడి ఒడిదుడుకుల్నీ కలుపుకుని మైల్స్, ఫిలిప్స్ 1957లో ఆ చిక్కుని చాలావరకు విప్పారు. ఆముదానికి అయితే ఈ లెక్క అస్సలు చాలదు. 20 డిగ్రీల చలిలో ఆముదం జిగట నీటికి దాదాపు 1000 రెట్లు. జిగటని పక్కన పెడితే ఇక మిగిలేదేమీ ఉండదు.

రాత్రికి మిగతాది రాస్తాను. యి అనే ఆయన గురించి చెప్పాలి.

ఘాట్‌రోడ్డు | కోరాపుట్ | రాత్రి 8:50

నేను లారీ నడుపుతాను, సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్. చదువు పదో తరగతే, అయినా ఈ ముచ్చట మొత్తం చదివాను. చెల్లెమ్మా, నాకొకటి అడగాలని ఉంది. వానాకాలం ఘాటీలో బండి ఆపి కూర్చుంటే రోడ్డు మీద నీళ్ళు పలుచగా జారుతూ మెట్లు మెట్లుగా వస్తాయి. ఒక మెట్టు వెనక ఒక మెట్టు, చీర కుచ్చెళ్ళలాగా. వాన మాత్రం సమంగానే పడుతుంటుంది. దింపు లేని చోట ఆ మెట్లుండవు. ఇదీ మీరు చెప్పేదీ ఒకటేనా?

నాగావళి ఒడ్డు | రాత్రి 9:30

బాబూ, ఒకటే. గాలి, నీరు కూడా కలవని రెండు పొరలే కదా. ఏటవాలు మీద జారే పలుచటి పొర అలల్ని కపిత్సా 1948, 49లలో ప్రయోగం చేసి చూశాడు. అవి ఎప్పుడు పుడతాయో బెంజమిన్ 1957లో, యి 1963లో లెక్క కట్టారు. వాలు ఎంత తక్కువైతే నీరు అంత ఎక్కువ పారాలి.

నీ ఘాటీకి లెక్క కడదాం. వంద మీటర్లకి 5 మీటర్లు దిగే రోడ్డు అనుకో. నాకు వచ్చిన జవాబు: నీటి పొర అర మిల్లీమీటరు మందం దాటితే చాలు, అలలు పెరగడం మొదలవుతుంది. దింపు తగ్గి వందకి ఒక మీటరే అయితే సుమారు 1.4 మిల్లీమీటర్లు కావాలి. పూర్తిగా చదునైతే ఎన్నటికీ రావు. నిలువు గోడ మీద ఎంత పలుచగా జారినా వస్తాయి. నువ్వు బండిలోంచి చూసింది సరిగ్గా చూశావు.

వంశధార77 | రాత్రి 11:10

ఘాట్‌రోడ్డు అన్నా, ఆ యి ఇక్కడి యి ఒకరే. చియా-షున్ యి, మిషిగన్ విశ్వవిద్యాలయం. 1967లో ఆయన ఒక వ్యాసం రాశారు. నేను ఈ రంగంలోకి రావడానికి అదే కారణం.

అప్పటిదాకా సాధారణంగా అనుకున్నది: ప్రవాహం మెల్లగా ఉంటే జిగట అలల్ని చంపేస్తుంది, అస్థిరత రావాలంటే వేగం ఒక హద్దు దాటాలి. యి రెండు ద్రవాల బరువు ఒక్కటే అనుకున్నారు. తేడా జిగటలో మాత్రమే. తేలిందేమిటంటే ప్రవాహం ఎంత నెమ్మదిగా ఉన్నా సరే సరిహద్దు అస్థిరం కావచ్చు. కింది హద్దు అంటూ లేదు.

ఎందుకో చెప్పడానికి ప్రయత్నిస్తాను. సరిహద్దు దగ్గర రెండు ద్రవాల వేగం ఒకటే, ఒకదాన్నొకటి రాసుకునే బలమూ ఒకటే. కానీ అదే బలానికి నీరు ఎక్కువ సాగుతుంది, ఆముదం తక్కువ సాగుతుంది. కాబట్టి సరిహద్దు నుంచి ఒక వెంట్రుక దూరం జరిగితే నీటివైపు వేగం చాలా మారుతుంది, ఆముదం వైపు కొంచెమే మారుతుంది. ఇప్పుడు సరిహద్దు మీద గుబ్బ లేచింది. గుబ్బ కొన దగ్గర రెండు వేగాలూ కుదరవు. కుదర్చడానికి ద్రవం లోపల చిన్న చిన్న సుడులు పుట్టాలి. ప్రవాహానికి జడత్వమే (కదిలేది తన కదలికని వెంటనే విడవని గుణం) లేకపోతే ఆ సుడులు గుబ్బకి సరిగ్గా సమంగా నిలబడి, దాన్ని ముందుకి నెడతాయే తప్ప పెంచవు, తగ్గించవు. కొంచెం జడత్వం ఉన్నా ప్రవాహం ఆ సుడుల్ని ఒక పక్కకి జరుపుతుంది. ఆ జరగడం గుబ్బకి పోషణ కావచ్చు, లేదా గుబ్బని అణచేయవచ్చు. 1984లో హించ్ ఈ బొమ్మని విడమరిచి చెప్పారు.

పోషణా, అణచివేతా అనేది దేని మీద ఆధారపడుతుంది? ఇదే నేను చెప్పదలుచుకున్న అసలు మాట. ఏది జిగట అన్నది ఒక్కటే చాలదు. ఏ పొర మందం తక్కువ, అది ఎక్కడుంది అన్నది చూడాలి. రెండు గోడల మధ్య పారేటప్పుడు పలుచటి పొర తక్కువ జిగటదైతే పొడవు అలలు అణగిపోతాయి. పలుచటి పొర ఎక్కువ జిగటదైతే పెరుగుతాయి. బల్లపరుపు పొరల్లో హద్దు కూడా ముచ్చటగా ఉంటుంది. జిగటల నిష్పత్తి, మందాల నిష్పత్తి వర్గానికి సమానమైన చోట. జిగటలో 4 రెట్ల తేడా ఉంటే, పలుచటి పొర మందపు పొరలో సగం కంటే సన్నగా ఉండాలి.

ఆ పది నిమిషాలు మీ గొట్టంలో జరిగింది దీనికి దగ్గరి సంగతి. సన్నటి నీళ్ళు గోడ వైపు, ఆముదం మధ్యన.

జయపురం కుర్రాడు | విశాఖలో ఉద్యోగం | మర్నాడు ఉదయం 6:55

మా పని ఇదే! నూనె ప్యాకెట్లకి ప్లాస్టిక్ ఫిల్మ్ తీసే యూనిట్‌లో ఉన్నాను. వంటనూనె కవరు చేత్తో పట్టుకుంటే ఒకే కాగితంలా ఉంటుంది గానీ, లోపల అయిదు పొరలు. పాలిథీన్, జిగురు పొర, నైలాన్, మళ్ళీ జిగురు పొర, పాలిథీన్. నైలాన్, పాలిథీన్ ఒకదానికొకటి కలవవు, అంటుకోవు, అందుకే మధ్యలో జిగురు పొర. అన్నీ 200 డిగ్రీలు పైబడ్డ వేడిలో కరిగి, ఒకే డై (ఆకారమిచ్చే లోహపు అచ్చు) లోంచి పొరలు పొరలుగా బయటికొస్తాయి. తేనె కంటే ఎన్నో రెట్లు జిగట, ప్రవాహం చాలా నెమ్మది. అయినా ఒక్కోసారి ఫిల్మ్ మీద గుర్రపునాడాల్లా, చేప పొలుసుల్లా మరకలొస్తాయి. వెలుతురుకి అడ్డంగా పట్టుకుంటే పొరల సరిహద్దు అలలు అలలుగా కనిపిస్తుంది. ఆ రోజు షిఫ్టంతా టెన్షనే. నేను చేరిన కొత్తలో వేగం తగ్గిస్తే పోతుందనుకున్నాను, కొన్నిసార్లు పోలేదు. మా సీనియర్ వచ్చి వేగం ముట్టుకోకుండా ఒక పొర వేడిని కాస్త పెంచారు, దాని జిగట పక్క పొరకి దగ్గరైంది, మరక పోయింది.

ఒక మాట చెప్పొచ్చా? తక్కువ జిగట పొర గోడ వైపు ఉంచితే ఎప్పుడూ ఢోకా లేదు. మా దగ్గర ఇదే సూత్రం.

వంశధార77 | ఉదయం 9:40

తమ్ముడూ, మీ డైలో ఆ సూత్రం చాలావరకు పనికొస్తుంది, కానీ "ఎప్పుడూ" అనకు. ఒకటి, కరిగిన ప్లాస్టిక్‌కి జిగటే కాదు, రబ్బరులా సాగే గుణమూ ఉంటుంది. రెండు పొరల సాగుడు వేరైతే జడత్వం బొత్తిగా లేకపోయినా సరిహద్దు చెడుతుంది. మీ పొలుసుల్లో దాని వాటా ఉండి తీరుతుంది. రెండు, ఘాట్‌రోడ్డు అన్న చెప్పిన ఏటవాలు చూడు. అక్కడ రెండు పొరలు జారుతున్నాయనుకో, కింద రోడ్డుని ఆనుకుని తక్కువ జిగట ద్రవం, పైన ఎక్కువ జిగట ద్రవం, ఆపైన గాలి. మీ సూత్రం ప్రకారం ఇది స్థిరంగా ఉండాలి. కానీ సరిగ్గా ఇదే చెడిపోతుంది. 1989లో లోవెన్‌హెర్ట్స్, లారెన్స్ చూపించారు, జడత్వం సున్నా అయినా చెడుతుంది.

గానుగింటమ్మాయి | ఉదయం 10:05

ఇక్కడ ఆగిపోయాను. పైపులో గోడ వైపు నీళ్ళుంటే మంచిది, వాలు మీద గోడ వైపు నీళ్ళుంటే చెడ్డది. రెండు చోట్లా గోడ గోడే, నీళ్ళు నీళ్ళే. తేడా ఎక్కడ?

నాగావళి ఒడ్డు | ఉదయం 10:50

నాకూ అదే సందేహం. వంశధార బాబు చెప్పేదాకా ఆగుతాను.

వంశధార77 | మధ్యాహ్నం 1:15

తేడా పైన ఉంది. పైపులో సరిహద్దు ఒక్కటే. వాలు మీద కదలగలిగే ఉపరితలాలు రెండు: లోపలి సరిహద్దు, గాలికి తగిలే పైభాగం.

సరిహద్దు ఒక్కటే ఉంటే, జడత్వం లేనప్పుడు దాని మీది గుబ్బ తనతో తానే పెరగలేదని నిన్న చెప్పాను. రెండోది ఉంటే సంగతి మారుతుంది. లోపలి గుబ్బ లేస్తే పైభాగం దానికి స్పందిస్తుంది, కానీ పైభాగం అల వేరే వేగంతో నడుస్తుంది కాబట్టి సరిగ్గా దాని మీద నిలవదు, కాస్త పక్కకి పడుతుంది. పక్కకి పడ్డ ఆ బరువు లోపలి గుబ్బని నొక్కాల్సిన చోట నొక్కకుండా ఇంకోచోట నొక్కుతుంది. అలా ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. పైపులో జడత్వం చేసే పనిని ఇక్కడ రెండో ఉపరితలం చేస్తుంది.

ఈ జిగట తేడాల అస్థిరతల మీద రమా గోవిందరాజన్, ఐఐటీ హైదరాబాద్‌కి చెందిన కీర్తి చంద్ర సాహు కలిసి 2014లో ఒక పెద్ద సమీక్ష రాశారు. మన దేశంలోనే ఈ పని ఇంత లోతుగా జరుగుతోందని నాకు గర్వంగా ఉంటుంది. ఎమ్మెస్సీ అయ్యాక అది తప్పకుండా చదవండి.

జయపురం కుర్రాడు | మధ్యాహ్నం 1:40

అర్థమైంది. నా "ఎప్పుడూ" వెనక్కి తీసుకుంటున్నాను. మా డైలో పైభాగం లేదు, అన్ని వైపులా లోహమే. డై పెదవి దాటాక గాలి తగులుతుంది గానీ అప్పటికి ఫిల్మ్ లాగబడి చల్లారుతూ ఉంటుంది.

బరంపురం పిన్ని | సాయంత్రం 4:30

నేనొకటి చేసి చూశాను, ఇక్కడ పెట్టొచ్చు కదా. బరువైంది పైన, తేలికది కింద ఉంటే ఒలికిపోవాలి. చిన్నప్పుడు మా నాన్న చూపించిన ఆట గుర్తొచ్చింది. గ్లాసు నిండా నీళ్ళు పోసి, మూతికి పలుచటి నూలు గుడ్డ బిగించి కట్టి, ఒక్కసారి బోర్లించాను. నాలుగు చుక్కలు కారాయి, ఆ తర్వాత ఒక్క చుక్క పడలేదు. గుడ్డ తీసేస్తే మొత్తం ఒలికింది. గుడ్డకి చిల్లులున్నాయి కదా, నీళ్ళు ఎందుకు ఆగాయి?

నాగావళి ఒడ్డు | సాయంత్రం 5:20

పిన్నిగారూ, చాలా మంచి చోట పెట్టారు. నీటి బరువుని మోసేది కింద ఉన్న గాలి ఒత్తిడి. గాలి పది మీటర్ల నీటినైనా మోయగలదు, మీ గ్లాసు జానెడు కూడా లేదు. మరి గుడ్డ లేకపోతే ఎందుకు ఒలికింది? మోసే బలం లేక కాదు, సరిహద్దు అస్థిరమై. ఒకచోట నీరు కాస్త కిందికి వంగితే అక్కడ ఇంకా దిగుతుంది, పక్కన గాలి పైకి ఎక్కుతుంది. దీన్ని రేలీ 1883లో లెక్క కట్టాడు, టేలర్ 1950లో మళ్ళీ ఎత్తుకున్నాడు.

దీన్ని ఆపేది తలతన్యత. కానీ అది పొట్టి అలల్నే ఆపగలదు. నీరు, గాలికి హద్దు 1.7 సెంటీమీటర్లు. అంతకంటే పొడవైన అలకి చోటిస్తే ఒలుకుతుంది. గుడ్డ కన్నాలు మిల్లీమీటరు కూడా ఉండవు, అక్కడ పొడవు అలకి చోటే లేదు. జ్యూస్ తాగే సన్నటి గొట్టాన్ని నింపి, పైన వేలు మూస్తే నీళ్ళు కారకపోవడమూ ఇదే.

గానుగింటమ్మాయి | రాత్రి 7:45

నాన్నగారికి మొత్తం చదివి వినిపించాను. ఆయన ఒకటే అడిగారు: "అయితే చలికాలం నీళ్ళు కాస్త వదిలి ఆముదం నడపొచ్చా?"

వంశధార77 | రాత్రి 9:00

ఇది చాలా పాత ఆలోచన. 1904లోనే ఐజాక్స్, స్పీడ్ అనే ఇద్దరు అమెరికాలో దీనికి పేటెంట్ తీసుకున్నారు. కాలిఫోర్నియాలో షెల్ కంపెనీ 1970 నుంచి పన్నెండేళ్ళు చిక్కటి ముడిచమురుని ఇలాగే నడిపింది, ఆరంగుళాల పైపు, పొడవు 38 కిలోమీటర్లు.

మీ రెండంగుళాల పైపుకే లెక్క చూడండి. ఆముదం సెకనుకి అర మీటరు నడవాలంటే, 20 డిగ్రీల చలిలో ప్రతి మీటరు పైపుకీ సుమారు 6400 పాస్కళ్ళ ఒత్తిడి కావాలి. అదే వేగంతో నీళ్ళకి 60 చాలు. గోడని నీళ్ళు తడుపుతుంటే మీరు రెండో అంకెకి దగ్గరగా వస్తారు. ఆముదం సాంద్రత 0.96, నీటికి బాగా దగ్గర. అందుకే కడ్డీ పైకి తేలి పై గోడకి అంత తొందరగా అంటుకోదు. నువ్వుల నూనె అయితే ఇంకా త్వరగా తేలుతుంది.

అయితే ఈ ప్రవాహం ఒక ఇరుకు సందులోనే బతుకుతుంది. మరీ నెమ్మదిగా నడిపితే కడ్డీ ముక్కలు ముక్కలవుతుంది. కుళాయి సన్నధార చుక్కలుగా విడిపోయినట్టే, తలతన్యత పని. మరీ వేగంగా నడిపినా, నీళ్ళు ఎక్కువ వదిలినా సరిహద్దు చిరిగి మజ్జిగ అవుతుంది. మీ వాల్వు పూర్తిగా తిప్పినప్పుడు జరిగింది అదే. మధ్యలో మీరు చూసిన కణుపులు ఉంటాయి. డేనియల్ జోసెఫ్ బృందం 1992లో నిలువు గొట్టంలో వాటిని చూసి అచ్చంగా వెదురు అలలు అనే పేరు పెట్టింది! మీరు ఆ మాట మొదటి రోజే రాసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఆ అలలు ప్రవాహాన్ని పాడుచేయవు. పెరిగి, ఒక ఎత్తు దగ్గర ఆగి, నీటిని ముందుకి తోస్తూ కడ్డీని గోడకి తగలకుండా ఆపుతాయి.

జయపురం కుర్రాడు | రాత్రి 9:25

బాబాయికి నా తరఫున ఒక మాట చెప్పండి. అమ్మే ఆముదంలో మాత్రం నీళ్ళు వద్దు. తేమ మిగిలితే నూనెలో ఆమ్లం పెరుగుతుంది, సరుకు ధర పడిపోతుంది. పైపుకి బయటి నుంచి వేడినీళ్ళ గొట్టం చుట్టించండి. వేడెక్కితే ఆముదం జిగట చాలా త్వరగా తగ్గుతుంది.

ఘాట్‌రోడ్డు | రాత్రి 9:50

మరి మడ్డికి? అది అమ్మే సరుకు కాదు కదా చెల్లెమ్మా. మా ఊరి మిల్లులో మడ్డి తీయాలంటే పారలు పట్టుకుని దిగుతారు.

గానుగింటమ్మాయి | నాలుగు రోజుల తర్వాత, సాయంత్రం 6:10

ఘాట్‌రోడ్డు అన్నయ్య మాట పట్టుకుని నాన్నగారిని ఒప్పించాను. అమ్మే నూనెకి వేడినీళ్ళ గొట్టమే. మడ్డికి మాత్రం నీళ్ళు. ఇవాళ మధ్యాహ్నం చేశాం.

ముందు పైపు నిండా నీళ్ళు పారనిచ్చి, తర్వాత పంపు వేశాం. మొదట మడ్డి వేసి తర్వాత నీళ్ళు వదిలితే గోడకి మడ్డే అంటుకుంది, ఎంతకీ ఊడలేదు, రెండు గంటలు పోయాయి. రెండోసారి నీళ్ళు ముందు. వాల్వు పావు వంతు తిప్పినప్పుడు గొట్టంలో నల్లటి కడ్డీ, చుట్టూ వెంట్రుకంత నీళ్ళు. పైన కొంచెం సన్నగా, కింద కొంచెం మందంగా, ఎందుకంటే కడ్డీ తేలుతోంది. కణుపులు కింది వైపే బాగా కనిపించాయి. స్కేలు పెట్టి చూస్తే కణుపుకీ కణుపుకీ మధ్య ఆరు సెంటీమీటర్ల చిల్లర. వాల్వు అర వంతు తిప్పితే దగ్గర దగ్గరగా వచ్చాయి, ముక్కాలు తిప్పేసరికి అంచులు తెల్లబడ్డాయి. వెంటనే వెనక్కి తిప్పాను.

మధ్యలో ఒకసారి కరెంటు పోయింది. పంపు ఆగగానే కడ్డీ మెల్లగా పైకి లేచి పై గోడకి ఆనుకుంది, కింద నీళ్ళు చేరిపోయాయి. కరెంటు వచ్చాక పంపు వెంటనే వేయకుండా నీళ్ళనే ఒక అయిదు నిమిషాలు నడిపాం. ఆనుకున్న మడ్డి గోడ నుంచి ముక్కలుగా ఊడి, అప్పుడు కదిలింది.

వంశధార అన్నయ్యా, పై గోడకి ఆనిన మడ్డి ఎంతసేపు ఆగితే ఇక ఊడనంతగా అంటుకుంటుందో మీ దగ్గర ఏమైనా లెక్క ఉందా? నాన్నగారు రేపు కావాలనే పంపు ఆపి, రెండు నిమిషాలు, అయిదు నిమిషాలు, పది నిమిషాలు చూద్దామంటున్నారు. గోడ గడియారం ఆ గొట్టం పక్కకి మార్చేశారు.